లెక్చరర్లు బెంచీ మీద కూర్చుంటే



ముందుగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఊళ్ళో ఆటో నడపాలంటే ఏం కావాలి? లైసెన్సు కావాలి. అది ఎలా ఇస్తారు? బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆయన నడిపి చూపించమంటాడు. నడుపుతుంటే నిలబడి చూస్తాడు. సరే, ఐదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పాలంటే? ట్రైనింగు కావాలి. ఆ ట్రైనింగులో నిజంగా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ఒక పెద్దాయన కాగితం, కలం పట్టుకుని కూర్చుని చూస్తాడు. మార్కులు వేస్తాడు. నల్లబల్లకి అడ్డం నిలబడితే అదీ రాస్తాడు.

మరి డిగ్రీ కాలేజీలో, విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాలంటే ఏం కావాలి?

పీజీ కావాలి. నెట్ గానీ సెట్ గానీ ఏదో ఒక అర్హత పరీక్ష పాసవ్వాలి. ఇవాళ రేపు చాలాచోట్ల పీహెచ్‌డీ కూడా కావాలి. అన్నీ గట్టి చదువులే, కాదనను. నెట్ మొదటి పేపర్లో బోధన గురించి కొన్ని ప్రశ్నలు కూడా ఉంటాయి. నాలుగు జవాబుల్లో సరైనదానికి టిక్కు పెట్టాలి. అంతే. ఇరవై ఐదేళ్ళ కుర్రాడు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, అరవై మంది ముందు నిలబడేదాకా, అతను పాఠం చెప్పడం ఎవరూ సరిగ్గా చూసి ఉండరు. ఇంటర్వ్యూలో ఓ ఐదు నిమిషాలు చెప్పించి ఉంటే, అది అదృష్టమే.

మరి ఆ కుర్రాడు ఎలా చెప్తాడు? తనకి ఎలా చెప్పారో అలాగే చెప్తాడు. తన మాస్టారు నోట్సు చెప్పి రాయిస్తే తనూ రాయిస్తాడు. తన మాస్టారు బోర్డు నిండా సమీకరణాలు నింపి, వెనక్కి తిరిగి, "అర్థమైందా?" అంటే, ఇతనూ అదే అంటాడు. పొలంలాగే పాఠమూ తాతల నుంచి వస్తుంది. మంచి మాస్టారు దొరికినవాడికి మంచి పొలం. లేనివాడికి చవిటి నేల.

ఈ మాట ఒక్కసారి మళ్ళీ చెప్తాను, ఎందుకంటే ఇవాళ్టి కబురంతా దీని చుట్టూనే. కాలేజీ అధ్యాపకుడు ఎలా పాఠం చెప్తున్నాడో చూసిన పెద్దవాళ్ళు దాదాపు ఎవరూ ఉండరు. తలుపు వేసుకుంటాడు. లోపల ఏం జరిగిందో అతనికి, పిల్లలకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ముప్ఫై ఏళ్ళు అలా గడిచిపోవచ్చు. రిటైర్మెంట్ సభలో అందరూ "గొప్ప గురువు" అంటారు. ఆ అన్నవాళ్ళలో ఒక్క సహోద్యోగి కూడా ఆయన క్లాసులో ఒక్క గంట కూర్చుని ఉండడు.

ఈ లోటు తీర్చడానికే అధ్యాపకులకి శిక్షణ కార్యక్రమాలు పుట్టాయి. ఓరియంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ కోర్సు, వర్క్‌షాపు, ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం) అని రకరకాల పేర్లు. మీ ఇంట్లో లెక్చరరు ఎవరైనా ఉంటే ఈ పేర్లు మీకు తెలిసే ఉంటాయి. "అన్నయ్య రిఫ్రెషర్‌కి తిరుపతి వెళ్ళాడు", "వదిన ఓరియంటేషన్‌కి ఉస్మానియాలో ఉంది" అని వినే ఉంటారు.

ఆలోచన పాతదే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1948లో, విశ్వవిద్యాలయ విద్య మీద ఒక కమిషన్ వేశారు. దాని అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. అంతకు ముందు 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన మనిషి. ఉపాధ్యాయుడు ఒకసారి డిగ్రీ పుచ్చుకున్నాక చదువు ఆపేయకూడదనీ, మధ్యమధ్య మళ్ళీ విద్యార్థిగా కూర్చోవాలనీ, రిఫ్రెషర్ కోర్సులు పెట్టాలనీ ఆ కమిషన్ సూచించింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వచ్చింది. ఇప్పటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, అంటే ఇఫ్లూ, అదే. దేశం నలుమూలల నుంచీ ఇంగ్లీషు మాస్టార్లు అక్కడికొచ్చి నెలల తరబడి ఉండి, ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్చుకుని వెళ్ళేవారు.

అన్ని సబ్జెక్టుల వాళ్ళకీ అలాంటి ఏర్పాటు కావడానికి మాత్రం 1986 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు జాతీయ విద్యా విధానం వచ్చింది. దాని వెనకే విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, దేశమంతటా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు తెరిచింది. ఉస్మానియాలో ఒకటి, ఆంధ్రాలో ఒకటి, తిరుపతి శ్రీ వేంకటేశ్వరలో ఒకటి. అక్కడికి కొత్తగా చేరిన లెక్చరర్లు నాలుగు వారాల ఓరియంటేషన్‌కి వెళ్ళాల్సి ఉండేది. పాతవాళ్ళు మూడు వారాల రిఫ్రెషర్‌కి వెళ్ళాల్సి ఉండేది. తరవాత ఆ కాలేజీల పేరు మారింది. 2023లో ఇంకోసారి మారింది. ఇప్పుడు వాటిని మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు అంటున్నారు. బోర్డులు మారుతుంటాయి. పాత లెక్చరర్లు మాత్రం ఇప్పటికీ "స్టాఫ్ కాలేజీ" అనే అంటారు.

అయితే పుట్టుకలోనే ఒక మెలిక పడింది. ఈ కోర్సులని ప్రమోషన్‌తో ముడిపెట్టారు. కోర్సు చేస్తేనే పై స్కేలు. సర్టిఫికెట్ ఉంటేనే ఫైలు కదులుతుంది. అప్పట్లో అది తెలివైన పనే. ముడిపెట్టకపోతే వచ్చేవాళ్ళు తక్కువ. ముడిపెట్టాక వచ్చారు, నిజమే. కానీ ఎందుకొచ్చారో మనసులో అందరికీ తెలుసు.

నేను ఈ వర్క్‌షాపుల్లో రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. బెంచీ మీద కూర్చున్నాను, తరవాత బల్ల దగ్గర నిలబడి మాట్లాడాను కూడా. అందుకని ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను.

మొదటి రోజు ప్రారంభోత్సవం. జ్యోతి వెలిగిస్తారు. వేదిక మీద ఆరుగురు పెద్దలు. ఆరు శాలువాలు, ఆరు జ్ఞాపికలు. ఒక్కొక్కరూ "నేను ఎక్కువసేపు మాట్లాడను" అని మొదలుపెడతారు. మధ్యాహ్న భోజనం వేళకి ప్రారంభోత్సవం పూర్తవుతుంది. ఆ తరవాత రిసోర్స్ పర్సన్ వస్తారు. విషయం ఏమిటంటే, విద్యార్థిని పాఠంలో భాగస్వామిని చేయడం ఎలా. చాలా మంచి విషయం. దాని మీద ఆయన గంటన్నరసేపు, దీపాలార్పి, తెర మీద వంద స్లైడ్లు చూపిస్తూ, ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడగకుండా ఉపన్యాసం ఇస్తారు. నవ్వకండి, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఇక బెంచీల వైపు చూడండి. అక్కడ కూర్చున్నది ఎవరు? తమ కాలేజీల్లో హాజరు విషయంలో హడలగొట్టే లెక్చరర్లు. ఇప్పుడు వాళ్ళే వెనక బెంచీ కోసం ముందే వచ్చేస్తారు. ఫోను పుస్తకం కింద పెట్టి చూస్తారు. శుక్రవారం మధ్యాహ్నం కోఆర్డినేటర్ గదికి వెళ్ళి, "సార్, మా ఊరికి చివరి బస్సు నాలుగున్నరకేనండీ" అంటారు. సంతకం పక్కవాడు పెడతాడేమో అని ఆ కోఆర్డినేటర్ కాగితం తన దగ్గరే పెట్టుకుంటాడు. మనిషి ఏ వయసువాడైనా బెంచీ మీద కూర్చోబెడితే విద్యార్థే అయిపోతాడు. నా లెక్కలో ఈ కోర్సులు నేర్పే మొదటి పాఠం అదే, సిలబస్‌లో లేకపోయినా. గంటన్నర ఉపన్యాసం అవతలివైపు నుంచి ఎలా ఉంటుందో లెక్చరరుకి వీపునొప్పితో సహా తెలుస్తుంది.

అలాగని ఇదంతా దండగ అనుకోకండి. అస్సలు కాదు. ఈ కోర్సుల్లో ఒక భాగం ఉంది. అది ఉంటే కోర్సు బతుకుతుంది. దాని పేరు మైక్రో టీచింగ్.

1960ల్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్ అనే ఆయన బృందం దీన్ని తయారుచేసింది. చాలా సులువైన సంగతి. ఒక చిన్న పాఠం తీసుకోవాలి. ఐదు నిమిషాలు, మహా అయితే పది. నలుగురైదుగురి ముందు నిలబడి చెప్పాలి. కెమెరా పెట్టి రికార్డు చేస్తారు. తరవాత మీ పాఠం మీకే చూపిస్తారు. చూసినవాళ్ళు చెప్తారు. మళ్ళీ అదే పాఠం చెప్పాలి. అంతే.

చెప్పడానికి సులువు. చేయడం మాత్రం ఎంత భయమో! పదిహేనేళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి ఆ ఐదు నిమిషాల్లో గొంతు తడారిపోతుంది. ఎందుకని? తలుపు తెరుచుకుంది కాబట్టి. మొట్టమొదటిసారి తోటి లెక్చరర్లు చూస్తున్నారు కాబట్టి.

ఒక కెమిస్ట్రీ లెక్చరరు అనుకోండి. ఆయన ఆమ్లాలు, క్షారాలు చెప్పాడు. చక్కగానే చెప్పాడు. తరవాత వీడియో వేశారు. చూస్తున్నాడు. మొదటి నిమిషంలో "అర్థమైందా?" అన్నాడు. రెండో నిమిషంలో ఇంకోసారి. మూడో నిమిషంలో, "క్లియరేనా? ఓకేనా?" ఐదు నిమిషాలయ్యేసరికి ఆరేడు సార్లు అడిగాడు. ప్రతిసారీ, తనే రెండు సెకన్లు ఆగి, తనే తలూపి, తనే ముందుకి వెళ్ళిపోయాడు. కూర్చున్నవాళ్ళు ఏమీ అనలేదు. వీడియో చూసేదాకా ఆయనకి ఈ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు కదా మరి. పిల్లలు చెప్పరు. చెప్తే ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉంటాయి.

ఈ "అర్థమైందా" దగ్గర కాసేపు ఆగుదాం. మన క్లాసుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. దీనికి వచ్చే జవాబు ఒక్కటే. "అయింది సార్." అర్థం కానివాడూ అదే అంటాడు. అర్థమైందో లేదో తెలియనివాడూ అదే అంటాడు. మనం పంక్తిలో వడ్డిస్తుంటే విస్తరి కనిపిస్తుంది. ఎవరు పప్పు కలుపుకున్నారు, ఎవరు కూర పక్కకి నెట్టారు అన్నీ కంటికి తెలుస్తాయి. పాఠం వడ్డించేవాడికి ఆ విస్తరి కనిపించదు. కనిపించేలా చేసుకోవాలి. అది నేర్పని వర్క్‌షాపు ఎన్ని వారాలు జరిగినా ఒకటే.

విస్తరి చూడటం ఎలాగో చెప్పే కథ ఒకటుంది. నిజంగా జరిగిన కథ. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఉన్నారు. మంచి పేరున్న అధ్యాపకుడు. పిల్లలు ఆయన పాఠాన్ని మెచ్చుకుంటూ రాసేవారు. పరీక్షల్లో కష్టమైన లెక్కలు చేసేవారు. ఆయనకీ తృప్తిగానే ఉండేది. 1990 ప్రాంతంలో ఆయన కంట ఒక పరిశోధన పడింది. అరిజోనాలో హలూన్, హెస్టెనెస్ అని ఇద్దరు చేసింది. విద్యార్థులు లెక్కలు చేస్తారు కానీ, బలం అంటే ఏమిటి, చలనం అంటే ఏమిటి అన్న మూల విషయాలు అర్థం కావు, చదువుకి ముందు ఎలా ఉన్నారో చదివాక కూడా చాలామంది అలాగే ఉంటారు అని వాళ్ళు చూపించారు. మజూర్ నమ్మలేదు. మా పిల్లలు హార్వర్డ్ పిల్లలు కదా, వాళ్ళకి ఇదేం లెక్క అనుకున్నారు. అయినా సరే, ఆ ప్రశ్నలు తన క్లాసులోనే పెట్టి చూశారు.

ఆ ప్రశ్నలు ఎలాంటివో చెప్తాను, మీరు కూడా ప్రయత్నించండి. పెద్ద లారీ ఒకటి, చిన్న కారు ఒకటి, ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. లారీ కారు మీద చూపించిన బలం ఎక్కువా? కారు లారీ మీద చూపించిన బలం ఎక్కువా? లేక రెండూ సమానమా?

ఆలోచించండి.

చాలామంది లారీయే అంటారు. నుజ్జయింది కారు కదా! కానీ న్యూటన్ మూడో సూత్రం ఏం చెప్తుంది? చర్యకి సమానమైన ప్రతిచర్య. రెండు బలాలూ సమానం. కారు తేలిక కాబట్టి దానికి దెబ్బ ఎక్కువ. ఆ సూత్రం మన పిల్లలకి తొమ్మిదో తరగతి నుంచీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. లారీ, కారు అనగానే మాత్రం దాన్ని పక్కన పెట్టేస్తారు.

ఆ పరీక్ష పెడుతుంటే ఒక అమ్మాయి లేచి, ఈ ప్రశ్నలకి మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, మాకు తోచినట్టు రాయాలా అని అడిగిందట. మజూరే ఈ సంగతి చాలాచోట్ల చెప్పుకున్నారు. ఆ ప్రశ్న వింటే ఏ అధ్యాపకుడికైనా ఒళ్ళు జలదరించాలి. ఇన్ని నెలలు చెప్పిన పాఠం ఒకటి, పిల్ల మనసులో ఉన్నది ఇంకొకటి. రెండూ కలవనే లేదు.

అప్పుడు మజూర్ ఏం చేశారు? ఉపన్యాసం తగ్గించారు. కాసేపు చెప్పడం, ఆపి ఒక ప్రశ్న అడగడం. పిల్లలు ఎవరికి వారు ఆలోచించి జవాబు చూపించాలి. తరవాత పక్కవాడితో వాదించుకోవాలి. నీదెందుకు తప్పు, నాదెందుకు ఒప్పు అని. మళ్ళీ జవాబు చూపించాలి. రెండోసారికి ఒప్పు జవాబులు బాగా పెరిగేవి. ఎందుకంటే ఆ సంగతి నిన్ననే అర్థమైన పక్క బెంచీ కుర్రాడికి, అది ఎక్కడ అర్థం కాదో బాగా గుర్తుంటుంది. ప్రొఫెసర్ ఆ చోటు దాటి ముప్ఫై ఏళ్ళయింది, ఆయన మరిచిపోయాడు.

దీనికి యంత్రాలు అక్కర్లేదు. మన డిగ్రీ కాలేజీలో అరవై మంది ఉన్నా సరే. ఒకటో జవాబు అయితే ఒక వేలు, రెండోదైతే రెండు వేళ్ళు, గుండెకి ఆనించి చూపించమనాలి. అలా అయితే పక్కవాడికి కనబడదు, మాస్టారుకి కనబడుతుంది. ఒక్క చూపులో విస్తరులన్నీ తెలిసిపోతాయి.

ఇలాంటి పద్ధతుల మీద చాలా పరిశోధనలు జరిగాయి. 2014లో అమెరికాలో 225 అధ్యయనాలని ఒకచోట చేర్చి చూశారు. అన్నీ సైన్సు, ఇంజనీరింగు, లెక్కల కోర్సులు. ఉత్త ఉపన్యాసం విన్న క్లాసుల్లో వందలో సుమారు ముప్ఫై నాలుగు మంది తప్పారు. పిల్లలు కూడా పనిచేసిన క్లాసుల్లో ఇరవై రెండు మంది తప్పారు. అంకెలు మరిచిపోయినా ఫరవాలేదు. సంగతి ఇదీ. మాస్టారు మాట్లాడటం తగ్గించి పిల్లల చేత పని చేయిస్తే, తప్పేవాళ్ళు తగ్గారు.

మరి ఇంత తెలిసినా, వర్క్‌షాపులో నేర్చుకున్నా, లెక్చరర్లు ఎందుకు పాత పద్ధతికే వెళ్ళిపోతారు? బద్ధకం అని తేల్చేయకండి. దీని వెనక ఒక చిత్రమైన కారణం ఉంది. 2019లో హార్వర్డ్‌లోనే ఇంకో ప్రయోగం చేశారు. ఒకే పాఠం. సగం మందికి మంచి వక్త చేత సాఫీగా ఉపన్యాసం చెప్పించారు. సగం మంది చేత గుంపులుగా లెక్కలు చేయించారు. తరవాతి పాఠానికి గుంపులు మార్చారు. పరీక్ష పెడితే, పనిచేసిన పిల్లలకే మార్కులు ఎక్కువ. కానీ "నువ్వు ఎంత నేర్చుకున్నావు?" అని అడిగితే, ఉపన్యాసం విన్నవాళ్ళు "చాలా నేర్చుకున్నాం" అన్నారు. పనిచేసినవాళ్ళేమో "అంతగా ఏమీ నేర్చుకోలేదు" అన్నారు!

ఇది గమనించండి. నిజంగా ఎక్కువ నేర్చుకున్నవాళ్ళకే తక్కువ నేర్చుకున్నట్టు అనిపించింది. నేర్చుకునేటప్పుడు తడబాటు ఉంటుంది. తడబడితే రానట్టే అనిపిస్తుంది. సాఫీగా వింటుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది.

ఇప్పుడు మన లెక్చరరమ్మని ఊహించుకోండి. వర్క్‌షాపు నుంచి ఉత్సాహంగా వచ్చింది. సోమవారం క్లాసులో ప్రశ్న వేసి, పక్కవాళ్ళతో మాట్లాడుకోమంది. క్లాసు గోలగా ఉంది. పక్క గదిలో సీనియర్ లెక్చరరు తొంగి చూశాడు. గురువారం పిల్లలు వచ్చి, "మేడమ్, ఇలా వద్దు. నోట్సు చెప్పండి. సిలబస్ అవ్వదు" అన్నారు. రెండో వారం ఒక విద్యార్థి ఇంటి నుంచి ఫోను వచ్చింది, మీరు పాఠం చెప్పడం లేదటగా అని. మూడో వారానికి ఆమె నోట్సు చెప్తోంది. ఆమెని ఏమనగలం? వర్క్‌షాపు ఆమెకి పద్ధతి నేర్పింది. మూడో వారంలో ఏమవుతుందో చెప్పలేదు. పిల్లలకి మొదటి రోజే, "ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, నేర్చుకుంటున్నామని అనిపించదు, అయినా ఇదే పనిచేస్తుంది" అని వివరించమని చెప్పలేదు. ఆ హార్వర్డ్ ప్రయోగం చేసినవాళ్ళు కూడా ఈ మాటే అన్నారు. కోర్సు మొదట్లోనే పిల్లలకి విషయం విప్పి చెప్పాలని.

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. నాలుగు వారాలు ఒక్కసారిగా శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తే చాలదు. మూడో వారంలో ఆమె పక్కన ఎవరో ఒకరు ఉండాలి. రెండు రోజులు నేర్పి, రెండు నెలలు కాలేజీలో ప్రయత్నించనిచ్చి, మళ్ళీ పిలిచి, ఏమైంది, ఎక్కడ ఆగింది అని అడిగితే, ఆ రెండో పిలుపు మొదటి నాలుగు వారాల కన్నా విలువైనది.

ఇప్పుడు మన దగ్గరి సంగతులు కొన్ని చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా అమెరికా కబురైపోతుంది.

మొదటిది భాష. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి డిగ్రీ కాలేజీలన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేశారు. తెలంగాణలోనూ డిగ్రీలో ఇంగ్లీషు మీడియమే ఎక్కువ. పల్లెల నుంచి, తెలుగు మీడియం బడుల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముందు పడ్డారు. లెక్చరర్లలో కూడా ఎందరో తెలుగులో చదువుకున్నవాళ్ళే. క్లాసులో జరిగేది ఏమిటి? బోర్డు మీద ఇంగ్లీషు, నోటితో తెలుగు, నోట్సు ఇంగ్లీషు, సందేహం తెలుగు. అందరికీ తెలిసిన సంగతే. కానీ వర్క్‌షాపులో మాత్రం అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు, ఆ మాట ఎవరూ ఎత్తరు. తెలుగులో చెప్పడం ఏదో దొంగతనం అన్నట్టు! ఏ భావం ముందు తెలుగులో చెప్పాలి, ఏ మాట ఇంగ్లీషులోనే ఉంచాలి, పరీక్షలో రాసే వాక్యం ఎలా కట్టించాలి అని ఒక రోజంతా కూర్చుని పంచుకుంటే, వంద స్లైడ్ల కన్నా మేలు కాదూ? పిల్లవాణ్ణి ముందు తెలుగులో వాదించుకోనిచ్చి, తరవాత అదే సంగతి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయమంటే ఏమవుతుంది? మన లెక్చరర్లు ఎందరో ఎవరికీ చెప్పకుండా ఇలా చేస్తూనే ఉన్నారు. వాళ్ళని వేదిక మీదకి పిలవండి. శాలువా వాళ్ళకి కప్పండి.

రెండోది ఆన్‌లైన్. కరోనా లాక్‌డౌన్‌లో ఈ కోర్సులన్నీ ఫోన్లోకి వచ్చాయి. ఆ ఏడాది ఎఫ్‌డీపీలు కుప్పలు తెప్పలు. ఎక్కడ చూసినా ఐదు రోజుల కార్యక్రమం, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం, ఫారం నింపగానే మెయిల్‌లో సర్టిఫికెట్. కెమెరా ఆపేసి, ఫోను గట్టు మీద పెట్టి, వంట చేసుకుంటూ విన్నవాళ్ళున్నారు. ఒకే సమయంలో రెండు ఎఫ్‌డీపీల్లో కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు మాలవీయ సెంటర్లు కూడా చాలా కోర్సులు ఆన్‌లైన్లోనే నడుపుతున్నాయి.

కానీ ఇందులో ఇంకో వైపు చూడాలి. పాత రోజుల్లో నాలుగు వారాలు గెస్ట్ హౌస్‌లో ఉండాలంటే, చంటిబిడ్డ ఉన్న లెక్చరరమ్మ ఎలా వెళ్తుంది? ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు ఉంటే? కోర్సు వాయిదా వేసుకుంటూ పోయి, ప్రమోషన్ కూడా వాయిదా పడ్డ ఆడవాళ్ళు ఎందరో. ఆన్‌లైన్ వాళ్ళకి దారి తెరిచింది. కాబట్టి అది వద్దు అనడానికి నాకు నోరు రాదు. వినే భాగం ఫోన్లో పెట్టండి. పాఠం చెప్పి చూపించే భాగం మాత్రం దగ్గరి ఊళ్ళో, ఎదురెదురుగా, రెండు రోజులు పెట్టండి. కెమెరా ఆపేసిన పెట్టెకి మైక్రో టీచింగ్ చేయలేం.

మూడోది చెప్పడానికి కాస్త కష్టంగా ఉంది. ఈ కోర్సులకి ఎవరు వెళ్తారు? రెగ్యులర్ ఉద్యోగులు. మన విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో పాఠాలు ఎవరు చెప్తున్నారు? చాలాచోట్ల కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్ట్ లెక్చరర్లు, పార్ట్ టైమ్ వాళ్ళు. పీరియడ్ లెక్కన డబ్బు పుచ్చుకునే మనిషి మూడు వారాలు క్లాసు మానేసి వస్తే ఆ నెల ఇల్లెలా గడుస్తుంది? ప్రమోషన్ లేనివాడికి ప్రమోషన్ కోసం పెట్టిన కోర్సు దేనికి? పిల్లల ముందు ఎక్కువ గంటలు నిలబడేవాళ్ళకే శిక్షణ తక్కువ అందుతోంది. కోర్సులని ప్రమోషన్‌తో ముడిపెట్టిన మెలిక ఉందే, అది ఇక్కడికొచ్చి ఇలా బిగుసుకుంది.

మంచి శిక్షణకి నమూనా కావాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ ఉంది. నార్మ్ అంటారు, 1976 నుంచీ ఉంది. వ్యవసాయ పరిశోధన సర్వీసులోకి కొత్తగా వచ్చిన శాస్త్రవేత్తలకి అక్కడ శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణలో భాగంగా వాళ్ళని ఊళ్ళలోకి పంపిస్తారు. రైతుతో కూర్చుని, ఆయన పొలం, ఆయన అప్పు, ఆయన ఇబ్బంది ఆయన నోటనే వినాలి. కాలేజీ అధ్యాపకులకి కూడా అలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండును. ఓ రోజు పొద్దున్నే తన విద్యార్థి ఎక్కే పల్లె వెలుగు బస్సు ఎక్కి, ఆ కుర్రాడు ఎంత దూరం నుంచి వస్తున్నాడో, మధ్యాహ్నం ఏం తింటున్నాడో, సాయంత్రం ఏ షాపులో పని చేస్తున్నాడో చూస్తే, తొమ్మిదిన్నర క్లాసులో అతను ఎందుకు కునికిపాట్లు పడుతున్నాడో ఏ స్లైడూ చెప్పక్కర్లేదు.

ఇది వింటున్న లెక్చరర్లు కొందరుంటారు. వాళ్ళతో ఒక్క మాట. వర్క్‌షాపు ఎప్పుడొస్తుందో, ఆర్డరు ఎప్పుడొస్తుందో అని చూడక్కర్లేదు. మీ కాలేజీలో మీకు నచ్చిన ఒక్కరిని ఎంచుకోండి. వేరే సబ్జెక్టు వాళ్ళయితే మరీ మంచిది. మీరు ఫిజిక్స్ అయితే తెలుగు మాస్టారుని అడగండి. సబ్జెక్టు తెలియనివాడు తప్పులు వెతకడు, పిల్లలని చూస్తాడు. "వచ్చే బుధవారం నా క్లాసులో వెనక కూర్చోండి, గురువారం నేను మీ క్లాసులో కూర్చుంటాను" అనండి. కూర్చున్నప్పుడు రెండే రాయండి. పది నిమిషాలకొకసారి తలెత్తి, పిల్లలు ఏం చేస్తున్నారో రాయండి. మాస్టారు ఏ ప్రశ్న వేసినప్పుడు "అయింది సార్" కాకుండా వేరే జవాబు వచ్చిందో, ఆ ప్రశ్న రాయండి. బాగుంది, బాగోలేదు అని రాయొద్దు. తరవాత టీ తాగుతూ ఆ కాగితం ఆయన చేతిలో పెట్టేయండి.

ఒక్క షరతు. ఆ కాగితం ఆయన దగ్గరే ఉండాలి. హెచ్‌ఓడీకి వద్దు, ప్రిన్సిపాల్‌కి వద్దు, ఏ ఫైల్లోనూ పెట్టొద్దు. ఫైల్లోకి వెళ్తుందని తెలిసిన రోజున మీ మిత్రుడు మంచి పాఠం దాచిపెట్టుకుని బుధవారం నాడు చెప్తాడు. మిగతా రోజుల పాఠం మళ్ళీ తలుపు వెనక్కి వెళ్ళిపోతుంది.